కూలెంత?

మోటారు ప్రమాదం కేసులో కోర్టుకిచ్చే పిటిషనుకు ఒక ఫారం ఉంటుంది. దెబ్బ తిన్నవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు, చేసే పని, పనిచ్చేవాడి చిరునామా, నెలసరి ఆదాయం. ఆ వెంటనే ఇంకో గడి: ఆదాయపు పన్ను కడుతున్నాడా? శ్రీకాకుళంలో ప్లీడరు గుమాస్తాగా నా ఉద్యోగమంతా ఈ ఫారాలు కొట్టడంలోనే గడిచింది. పన్ను గడిలో 'లేదు' అని కొట్టడానికి నేనెప్పుడూ ఎవర్నీ అడగలేదు. దాని పై గడి దగ్గరే టైపు మిషను ఆగిపోయేది.

"మీ ఆయన ఏం పని చేసేవాడమ్మా?"

"ఏ పని దొరికితే అదే బావూ."

"రోజుకెంత తెచ్చేవాడు?"

"పనున్న రోజు తెచ్చీవోడు."

మా ప్లీడరు గారు లోపల్నుంచి అంతా వింటూనే ఉండేవారు. ఎంత వెయ్యమంటారండీ అని అడిగితే, "చచ్చినవాడి కళ్లు చారెడంటారు కదా, చారెడే వెయ్యి, చాటంత వెయ్యకు" అనేవారు. చారెడు ఎంతో చెప్పడానికి మా దగ్గర జీతం చీటీ ఉండేది కాదు, మస్తరు రోలు ఉండేది కాదు.

ప్రమాదంలో నష్టపోయినవాడి హక్కుల చరిత్రను లా పుస్తకాలు 'తప్పెవరిది' అనే ప్రశ్న పట్టుకుని చెబుతాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కూర్చుని చూసినవాడికి ఆ ప్రశ్న సగమే. మిగతా సగం, కూలెంత అన్నది. నూరేళ్లుగా చట్టాలు మారుతూ వచ్చాయి, రేట్లు పెరుగుతూ వచ్చాయి. ఈ రెండో సగానికి మాత్రం మా వాళ్ల దగ్గర కాగితం పుట్టలేదు.

1855కి ముందైతే అసలు పేచీయే లేదు. మనిషి పోతే అతని దావా కూడా అతనితోనే పోయేది. కాలు విరగ్గొట్టినవాడి మీద దావా వెయ్యొచ్చు, ప్రాణం తీసినవాడి మీద భార్యాబిడ్డలు వెయ్యడానికి లేదు! ఇంగ్లాండులో రైళ్లు వచ్చి జనం చావడం మొదలయ్యాక అక్కడ చట్టం మార్చుకున్నారు, తొమ్మిదేళ్లకు ఇక్కడా 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం తెచ్చారు. పోయినవాడి భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లల కోసం దావా వెయ్యొచ్చన్నారు. తోబుట్టువులను ఆ జాబితాలో చేర్చలేదు. దావా అంటే సివిల్ కోర్టు, స్టాంపు ఖర్చు, ఎదుటివాడి తప్పు రుజువు చెయ్యడం. 1890ల్లో కోడూరు, గర్భాం వైపు మాంగనీసు గనులు తవ్విన కూలీల్లో ఎవరైనా ఆ చట్టం పేరు విన్నారంటే నేను నమ్మను.

ఆ రోజుల్లోనే మా వైపు జనం రంగం బాట పట్టారు. రంగూనును మా ఇళ్లల్లో ఇప్పటికీ రంగమనే అంటారు. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల్లో ఓడెక్కి వెళ్లి అక్కడి రేవులో బస్తాలు దించేవారు, బియ్యం మిల్లుల్లో మోసేవారు. ఊళ్లో మేస్త్రీ బయానా ఇచ్చి తీసుకెళ్లేవాడు. కూలి కంపెనీ నుంచి మేస్త్రీకి, మేస్త్రీ నుంచి మనిషికి, మధ్యలో కోతలు. మా పెదతాత ఓడ దగ్గర కాలు పోగొట్టుకుని తిరిగొచ్చాడని ఇంట్లో చెప్పేవారు. పరిహారం మాట ఆ కథలో ఎక్కడా రాదు. తిరుగు టిక్కెట్టు మేస్త్రీయే పెట్టుకున్నాడట, అది మాత్రం ఎంతో మర్యాదగా చెప్పుకునేవారు.

పనివారి పరిహార చట్టం 1923లో వచ్చి 1924 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికి బర్మా కూడా ఇండియాలో భాగమే కాబట్టి రంగం రేవులో పనిచేసే మా వాళ్లకూ అది వర్తించేది. గనులు, రైళ్లు, యంత్రాలతో నడిచే ఫ్యాక్టరీలు, ఓడల ఎగుమతి దిగుమతులు దాని జాబితాలో ఉన్నాయి. పొలంలో కూలి చేసేవాడు లేడు. ఈ చట్టంలో తప్పెవరిదన్న ప్రశ్నను దాదాపు తీసేశారు. పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే యజమాని ఇవ్వాలి, అంతే. మధ్యలో మేస్త్రీ ఉన్నాడని తప్పించుకోకుండా 12వ సెక్షను పెట్టారు: పని అసలు ఎవరిదో వాడే ముందు చెల్లించాలి, కావాలంటే తర్వాత కంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. రంగం మేస్త్రీల కాలంలో రాసిన ఆ సెక్షనునే చెన్నై మేస్త్రీల కేసుల్లో మా ప్లీడరు గారు వాడేవారు.

ఆ చట్టం వెనక ఒక పట్టీ ఉంది. ఏ అవయవం పోతే నూటికి ఎంతో అందులో రాశారు. నేను మొదట చదివింది మా ఆఫీసు బీరువాలో ఉన్న పాత ప్రతిలో. కుడిచెయ్యి మోచేతి దగ్గరగానీ ఆ పైనగానీ పోతే 70, ఎడమచెయ్యికి 60. ఒక కన్ను 30. బొటనవేలు 25. చూపుడువేలు 10. మిగతా ఏ వేలైనా 5. ఈ శాతాలన్నీ మనిషి పూర్తిగా పనికిరాకుండా పోతే ఇచ్చే మొత్తం మీద. ఆ మొత్తమేమో 42 నెలల కూలి, 3,500 దాటకుండా. ప్రాణమే పోతే 30 నెలల కూలి, 2,500 దాటకుండా. పోయింది మైనరైతే కూలితో పని లేదు, 200 రూపాయలు.

నెలకు 15 రూపాయల కూలివాడిని పెట్టుకుని లెక్క కట్టి చూడండి. పూర్తి అంగవైకల్యానికి 630. చూపుడువేలికి 63. చిటికెనవేలికి ముప్పై ఒకటిన్నర. కుడిచెయ్యి మోచేతి దగ్గర పోతే 441. మనిషే పోతే 450. కుడిచేతికీ ప్రాణానికీ తొమ్మిది రూపాయలే తేడా! అన్యాయమనిపిస్తుంది గానీ, లెక్క కట్టినవాడి దృష్టిలో చెయ్యి పోయినవాడికి ఇంకా తిండి పెట్టాలి, పోయినవాడికి పెట్టక్కర్లేదు.

చిట్టివలస, నెల్లిమర్ల జూటు మిల్లుల్లో ఈ పట్టీ విలువ తెలిసేది. మా వైపు పొలాల్లో పండే గోగునార చివరికి ఆ మిల్లుల్లోనే గోనె సంచి అయ్యేది. నారను దువ్వే కార్డింగు మిషన్ల పళ్ల రోలర్లు చేతిని పట్టుకుంటే వేళ్లతో వదిలిపెట్టవు. నెల్లిమర్లలో రిటైరైన ఒక పెద్దాయన మా ఆఫీసుకు వస్తుండేవాడు, కుడిచేతికి మూడే వేళ్లు. కాఫీ గ్లాసు ఆ మూడు వేళ్లతోనే పట్టుకునేవాడు, సాయం చెయ్యబోతే కోపం. "మిల్లులో చేరినప్పుడు వేళ్లు లెక్కపెట్టి తీసుకోరు గుమాస్తా గారూ, పోయాకే లెక్కపెడతారు" అనేవాడు.

తర్వాతి సవరణల్లో కుడి ఎడమల తేడా పోయింది. ఇప్పుడు బొటనవేలికి 30, చూపుడువేలికి 14, నడిమివేలికి 12. వయసును బట్టి ఒక గుణకం కూడా వచ్చింది. ముప్పై ఏళ్లవాడికి 207.98. కూలి ఎంతున్నా 2020 జనవరి నుంచి నెలకు 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. అందులో 60 శాతం తొమ్మిది వేలు, దాన్ని గుణకంతో గుణిస్తే 18,71,820. టెక్కలి గ్రానైటు క్వారీలో ముప్పై ఏళ్లవాడి చూపుడువేలు తెగితే అందులో 14 శాతం, అంటే 2,62,055 రూపాయలు రావాలి. రావాలంటే, వాడికి నెలకు 15,000 వచ్చేవని ఎవరో ఒకరు చెప్పాలి. ఇ.ఎస్.ఐ. ఉన్నవాడు ఈ చట్టం కింద అడగడానికి లేదు, అతని దారి వేరు. ఆ ఇ.ఎస్.ఐ. చట్టం 1948లో వచ్చింది. అది అమల్లోకి వచ్చిన 1952లోనే కేంద్రంలో కార్మిక మంత్రి అయిన వి.వి.గిరి మా పాతపట్నం నుంచి గెలిచిన ఎంపీ. ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల్లో, అంటే అక్కడికి వలసపోయిన మా వాళ్ల మధ్య, యూనియన్ నడిపిన మనిషి. 

పరిహారాల చరిత్రలో పుస్తకాలకెక్కని ఒక అధ్యాయం రాజీలది. ప్రమాదం జరిగిన మూడో రోజో, పెద్దకర్మ అయ్యాకో, ఊరి పెద్దమనుషులు కూర్చుంటారు. వంద రూపాయల స్టాంపు కాగితం తెస్తారు. కంట్రాక్టరు తరఫు మనిషి నోట్ల కట్ట పెడతాడు, ఆమె వేలిముద్ర వేస్తుంది. 'ఇక మీదట ఎలాంటి తగాదా లేదు' అన్న వాక్యం ఉండని రాజీ కాగితం నేను చూడలేదు. అలాంటి కాగితాలు పట్టుకుని, "ఇంక ఏటీ రాదు కదా బావూ" అని అడగడానికి వచ్చినవాళ్లు ఎందరో. 1923 నాటి చట్టమే దీనికి జవాబు చెప్పింది. మనిషి పోయిన కేసులో పరిహారం కమిషనరు దగ్గర జమ చెయ్యాలి, చేతికిచ్చింది చెల్లు కాదు. తర్వాతి సవరణ ప్రకారం, మూడు నెలల కూలి వరకు బయానాగా ఇస్తే అది మాత్రం మినహాయిస్తారు. హక్కు వదులుకున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. వందేళ్ల కిందటి తెల్లదొరలు మన పెద్దమనుషుల పంచాయితీని ఎక్కడ చూశారో గానీ, చూసే రాసినట్టుంది.

దీనికి మా ఊళ్లల్లో ఒక చిక్కుంది. లేబర్ ఆఫీసుకు వెళ్తే ఏడాదో రెండేళ్లో పడుతుంది, పెద్దమనుషుల డబ్బు ఈ రాత్రికే వస్తుంది. ఇంట్లో బియ్యం లేని ఇల్లాలిని రాజీ పడ్డావేమని తిట్టే ప్లీడర్లను చూశాను. మా ప్లీడరు గారు తిట్టేవారు కాదు. ఆ కాగితాన్నే సాక్ష్యంగా ఫైలు చేసేవారు, ఎందుకంటే పోయినవాడు తన దగ్గర పనిచేశాడని కంట్రాక్టరు ఒప్పుకున్న రాత అది ఒక్కటే.

ఇక రోడ్లు. 1939 మోటారు చట్టంలో మూడో మనిషికి బీమా తప్పనిసరి అన్న అధ్యాయం 1946 జూలై 1న గానీ అమల్లోకి రాలేదు. ట్రిబ్యునళ్లకు దారి 1956 సవరణతో పడింది. అంతవరకు బస్సు కింద పడ్డవాడూ కోర్టు ఫీజు కట్టే దావా వెయ్యాల్సిందే. 1982లో తప్పుతో నిమిత్తం లేకుండా పోయిన ప్రాణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 ఇమ్మన్నారు. 1988 చట్టం, 1994 సవరణ వచ్చాక మా ఆఫీసులో కట్టలు పెరిగాయి. కేసు వేసే గడువు ఎత్తేశారు. అంతకంటే పెద్ద మేలు, బాధితుడు తానున్న ఊరి ట్రిబ్యునల్లోనే వేసుకోవచ్చన్నారు. మరుసటి ఏడాది పనివారి పరిహార చట్టంలోనూ అదే సవరణ చేశారు. చెన్నైలో పోయినవాడి భార్య ఇక శ్రీకాకుళంలోనే కేసు వేసుకోవచ్చు. లక్షల రూపాయల తీర్పులకన్నా ఈ ఒక్క మాట మా జిల్లాలకు ఎక్కువ పనికొచ్చిందని నా లెక్క.

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా పోయే హైవే అప్పట్లో ఐదో నంబరు, ఇప్పుడు పదహారు. దాని మీద జరిగే ప్రమాదాల్లో సగం తగాదా మనిషి బండిలో ఎక్కడున్నాడన్నదే. లగేజీ ఆటో, ట్రాక్టరు, ఖాళీ లారీ, ఏది ఆగితే అది ఎక్కడం మా వైపు అలవాటు. సామాను బండిలో ప్రయాణికుడిగా ఎక్కినవాడికి బీమా వర్తించదని 2002 చివర్లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1994 సవరణ మాత్రం ఒక తలుపు తెరిచి ఉంచింది: బండిలోని సామాను ఎవరిదో ఆ మనిషి, లేదా అతని ప్రతినిధి, వీళ్లకు బీమా ఉంది. అంటే లగేజీ ఆటోలో సంతకు పోయే మనిషి బతుకు పక్కనున్న గంప మీద ఆధారపడింది.

పొందూరు వైపు నుంచి ఒకామె, కూరగాయలమ్మి. ఆటో బోల్తా పడి తొడ ఎముక విరిగింది. బీమా కంపెనీ ప్లీడరు క్రాసుకు లేచాడు. గంపలో ఏమున్నాయి? వంకాయలు, బెండకాయలు. ఎన్ని కేజీలు? తూకం వెయ్యలేదు బావూ, నెత్తి మీదికి ఎత్తగలిగినన్ని. ప్రమాదమయ్యాక ఆ గంపేమైంది? నాకేటి తెలుసు, నన్ను ఆస్పత్రికి ఎత్తుకుపోయారు, గంపనెవరు ఎత్తుకుపోయారో. అందరూ నవ్వారు. అప్పుడు అసలు ప్రశ్న వేశాడు: డ్రైవరుకు ఎంతిచ్చావు? ఆ ప్రశ్న వస్తుందని మేం ముందే అనుకున్నాం. గంపకు బాడుగ ఇచ్చానంటే గెలుస్తుంది, తనకు చార్జీ ఇచ్చానంటే ఓడుతుంది. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మనిషికి పది, గంపకి పది బావూ."

అంతకంటే నిజం ఆ హాల్లో ఎవరూ చెప్పలేదు. చట్టానికి మాత్రం ఆ ఇరవై రూపాయలను ఎటు వెయ్యాలో పాలుపోలేదు. గంప ఉన్నమాట నిజమే కాబట్టి సామాను యజమానే అన్నారు జడ్జి గారు. ముందు కంపెనీ చెల్లించాలి, షరతు ఉల్లంఘన ఉంటే బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోవాలి అని రాశారు. ఇలాంటి తీర్పులు లేకపోతే మా వైపు డిక్రీలు గోడకు తగిలించుకోవడానికే. ఆటో ఓనరు దగ్గర ఆటో తప్ప ఏముంటుంది!

సరే, బీమా ఉందన్నారు. తర్వాత మళ్లీ మొదటికే: ఆమె కూలెంత? కూరగాయలమ్మితే నెలకు ఎంత మిగులుతుంది? 1994 సవరణతో మోటారు చట్టంలో చేరిన పట్టీలో సంపాదన లేనివాళ్లకు ఊహా ఆదాయమని ఏడాదికి 15,000 రాశారు. అప్పటి రోజుల్లోనూ అది తక్కువే. జీవన వ్యయాన్ని బట్టి పెంచుకోవచ్చని చట్టంలోనే ఉన్నా 2018 దాకా దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. ఆ పట్టీలో గుణకారాలే తప్పని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. పార్లమెంటు చేసిన చట్టంలో ఎక్కాలు తప్పడం చూసి మా ప్లీడరు గారు రోజంతా ఆనందించారు.

పట్టీ కదలకపోయినా తీర్పులు కదిలాయి. జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం మీద 2001లో వచ్చిన తీర్పు ఇల్లాలి చాకిరీకి నెలకు 3,000 కట్టింది. 2011లో రామచంద్రప్ప అనే కూలీ కేసులో, కూలివాడు నెలకు 4,500 అంటే నమ్మడానికేం, కాగితం ఎక్కణ్నుంచి తెస్తాడు అంది. 2014లో సయ్యద్ సాదిక్ కేసు, కాలు పోయిన కూరగాయల వ్యాపారిది: నెలకు 6,500. ఆ తీర్పు నకలు వచ్చిన రోజున నేను ఐదారు జిరాక్సులు తీసి పెట్టుకున్నాను. ఆ తర్వాత మా కూరగాయలమ్ముల కేసులన్నిటికీ అదే గీటురాయి.

ఈ అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి, అందుకే ఒక లెక్క చెబుతాను. 2009 నాటి సరళావర్మ తీర్పు మోటారు కేసుల్లో వయసును బట్టి వాడే గుణకాలు ఖాయం చేసింది. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు కూలివాడి కూలి కూడా ముందుముందు పెరుగుతుందని, నలభై లోపు వయసైతే 40 శాతం కలపమంది. ముప్పై రెండేళ్లవాడు, నలుగురు ఆధారపడ్డవాళ్లు. కూలి 9,000 అని నమ్మితే, 40 శాతం కలిపి, సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేసి, పన్నెండు నెలలతో, గుణకం 16తో హెచ్చిస్తే 18,14,400. కూలి 8,000 అనుకుంటే అందులోంచి 2,01,600 పోయింది. జడ్జి గారి కలం ఒక్క వెయ్యి కిందికి జరిగితే ఇంట్లో రెండు లక్షలు తగ్గుతాయి. వయసు సంగతీ అంతే. ముప్పై ఐదు దాటితే గుణకం ఒకటి తగ్గుతుంది. మా ఊళ్లల్లో పెద్దవాళ్లలో చాలామంది ఆధార్ ప్రకారం జనవరి 1నే పుట్టారు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పాక, బడి మొహం చూడనివాడికి ఏది రుజువో వెతుక్కోవడం మా పనైంది.

కూలి అడగనిది రైలు చట్టం. పోయినవాడు కలెక్టరైనా కళాసీ అయినా ఒకటే రేటు. 1943లో పాత రైల్వే చట్టంలో పదివేలు దాటకుండా అని మొదలై, 1997లో నాలుగు లక్షలకు వచ్చి, 2017 జనవరి 1 నుంచి ఎనిమిది లక్షలైంది. సరిగ్గా మూడు వారాలకు, 21వ తేదీ రాత్రి, కూనేరు దగ్గర హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి నలభై మంది దాకా పోయారు. కొత్త రేటుకు మొదటి పెద్ద లెక్క మా జిల్లాల్లోనే పడింది.

కూలి అడగదు గానీ ఈ చట్టం కూడా మనిషి ఎక్కడున్నాడని అడుగుతుంది. రైళ్లు గుద్దుకున్నా, పట్టాలు తప్పినా 124వ సెక్షను, ఇందులో పేచీ తక్కువ. రైల్లోంచి ప్రమాదవశాత్తు పడితే 1994లో చేర్చిన 124-ఎ. మా వైపు మాత్రం రెండుసార్లు జనం ఈ రెంటికీ మధ్యన చచ్చిపోయారు. 2013 నవంబరు 2న గొట్లాం దగ్గర, బోగీలో మంటలన్న పుకారుకు బొకారో ఎక్స్‌ప్రెస్ దిగినవాళ్లను పక్క పట్టాల మీద వచ్చిన రాయగడ పాసింజరు కొట్టేసింది. 2022 ఏప్రిల్ 11న జి.సిగడాం మండలం బాతువ దగ్గర గువాహటి రైలు దిగి నిలబడ్డ ఐదుగురిని కోణార్క్ ఎక్స్‌ప్రెస్ బలి తీసుకుంది. వీళ్ల రైళ్లు దేన్నీ గుద్దుకోలేదు, వీళ్లు రైల్లోంచి పడలేదు. దిగారు. భయపడి దిగినవాడికీ జారి పడినవాడికీ మధ్య గీత గీయమంటే నావల్ల కాదు. ఇది బాధితుల మేలు కోసం పుట్టిన చట్టం, సంకుచితంగా చదవొద్దని 2008లో ప్రభాకరన్ విజయకుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మాట పట్టుకునే వాదించాలి.

2018 నాటి రీనాదేవి తీర్పు ఇంకో రెండు మేళ్లు చేసింది. టిక్కెట్టు దొరకలేదన్న ఒక్క కారణంతో కేసు పోదు, ప్రయాణికుడేనని అఫిడవిట్ వేసి మొదలుపెట్టొచ్చు. ప్రమాదం నాటి రేటుకు వడ్డీ కలిపిన మొత్తం, తీర్పు నాటి రేటు, రెంటిలో ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. గడువు మాత్రం ఏడాదే. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి, అలమండ మధ్య పలాస పాసింజరును రాయగడ పాసింజరు వెనక నుంచి గుద్దినప్పుడు, పోయినవాళ్లకు పది లక్షల ఎక్స్‌గ్రేషియా అని రైల్వే మంత్రి ప్రకటించారు. ఆ చెక్కుతో అయిపోయిందనుకునేవాళ్లు ఎక్కువ. ప్రకటించి ఇచ్చేది వేరు, ట్రిబ్యునల్లో అడిగి తీసుకునేది వేరు.

ఆ పొరపాటే 2014లోనూ చూశాను. ఆ ఏడాది జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల మేడ కూలి 61 మంది పోయారు. చాలామంది మా రెండు జిల్లాల నుంచి వలసపోయిన కూలీలు. ఇక్కడికి శవపేటికలు, ప్రభుత్వాల చెక్కులు వచ్చాయి. అలాంటి పనులకు వెళ్లేవాళ్లలో సగం మందికి బిల్డరు పేరు తెలియదు, మేస్త్రీ పేరే తెలుసు. 12వ సెక్షను మళ్లీ తీశాం.

2022 ఏప్రిల్ 1 నుంచి మోటారు కేసులకు ఆరు నెలల గడువు మళ్లీ పెట్టారు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, పోయిన ప్రాణానికి ఇచ్చేది అదే రోజు నుంచి 25,000 కాస్తా రెండు లక్షలైంది, అర్జీ ఆర్డీవో ఆఫీసులో ఇవ్వాలి. వందేళ్ల పరిహార చట్టం కూడా 2025 నవంబరులో సామాజిక భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. ఇంటి నుంచి పనికి పోతూ వస్తూ జరిగే ప్రమాదాలను కొత్త కోడ్‌లో చేర్చారు, అది మంచి పని.

నేను రిటైరయ్యాను గానీ, మా ప్లీడరు గారబ్బాయి అప్పుడప్పుడు పిలుస్తుంటాడు. మొన్న పిలిచింది సంతబొమ్మాళి వైపు నుంచి వచ్చిన ఒకామె కేసుకు. భర్త హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తూ, పనికి పోయే దారిలో లారీ కింద పడ్డాడు. కూలెంతమ్మా అని అలవాటుగా అడిగాను. ఆమె సంచిలోంచి భర్త ఫోను తీసింది. దాని తాళం గీత కొడుక్కే తెలుసు. వాడు తెరిచి ఫోన్‌పే చూపించాడు. మేస్త్రీ పేరు మీద ప్రతి శనివారం డబ్బు పడుతోంది: 4,800, 5,600, వానలు పడ్డ వారం 2,400. ఇన్నేళ్లలో కూలివాడి కూలిని ఇంత స్పష్టంగా నేను చూడలేదు. బ్యాంకు నుంచి స్టేట్‌మెంటు తెప్పించి, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద సర్టిఫికెట్టు జతచేసి ఫైలు చేశాం.

కంపెనీ ప్లీడరు కుర్రవాడే, చురుకైనవాడు. ఈ డబ్బు కూలి అని ఎక్కడా రాసి లేదు, చేబదులు తీర్చినదైనా కావచ్చు కదా అన్నాడు. కూలేనని చెప్పడానికి మేస్త్రీ రావాలి. ఫోను చేశాం. మనిషి మంచివాడే, అంత్యక్రియలకు సొంత డబ్బు కూడా ఇచ్చాడట. సాక్ష్యమంటే మాత్రం నసుగుతున్నాడు. కోర్టుకొచ్చి నేను కూలీలను పెట్టానంటే రేపు నాకు లేబరు లైసెన్సు ఏదని అడుగుతారు కదండీ అంటున్నాడు. సమన్లు వేయించాం. ఆయన ఊరు మందస దగ్గర, సంక్రాంతికి ఇంటికొస్తాడని ఆమే చెప్పింది.